నలభై ఒకటో వరుస

ముహర్రక్‌ల మొదటి వాన పడ్డనాడు
కౌన్సిల్ మెంబరు బద్రియా మేడమ్
చెప్పులు చేతబట్టి సందులన్నీ తిరిగింది.
ఫైలు తడవకుండ గొడుగు పట్టిన నేను.

ఏడాదంతా మోరీలు, వీధి లైట్లు,
బడి ముందట స్పీడుబ్రేకరు.
అన్నిటికన్న పెద్ద పంచాయితీ చెత్తడబ్బాది:
ఎవరికీ తమ ఇంటి ముందట వద్దు.
హాజీ గోడ కాడికెల్లి రొట్టెల బట్టీకి,
బట్టీ కాడికెల్లి దర్జీ కొట్టుకు,
ఆఖరికి
ఓటు లేని తలుపొకటి దొరికింది దానికి.

డిసెంబర్ల రిపోర్టు జిరాక్సు తీస్తుంటే
నలభై ఒకటో వరుస పక్కన టిక్కు.
ఖలాస్.

చాయ్ పెట్టిన.
మూడేండ్లల్ల మొదటిసారి అడిగింది:
"నువ్వుండేదెక్కడ, రాజలింగం?"

"నలభై ఒకటో వరుస ఎనుక, మేడమ్.
పన్నెండు మందిమి."

నవ్వలే.
పెన్ను మూత తీసింది.
చాయ్ మీద మీగడ కట్టింది.