తరుగు

ఇంకొక్క బొత్తాం నొక్కితే అయిపోతాది.
ఆదోని పత్తి మార్కెట్ వెనక సందు,
జెరాక్స్ అంగడి మీది గది, రాత్రి పదకొండు.
కీబోర్డు సందుల్లో దూది నలుసులు.
ఊదితే లేస్తాయి, మళ్లా ఆడనే కూచుంటాయి.

ఎనిమిది నెల్లు గాదిలింగప్ప పక్కన కూచుని
ఫాక్స్‌ప్రోలో రాసినాను సావుకారి పద్దంతా.
నలభై ఏండ్ల గుమాస్తా.
అడిగితే చెప్పడు.
అడగనప్పుడు, బీడీ ఆర్పుతా, ఒకటి చెప్తాడు:
"పెద్దహరివాణం బండ్లకి తేమ తరుగు తీయొద్దు పాపా,
వాళ్లు ఎండబెట్టే తెస్తారు."
లెక్క ఒక వరుసలో రాసి
దాని నెత్తిన నక్షత్రం గుర్తు పెట్టి
ఇంగ్లీషు అక్షరాల తెలుగులో
ఆయన మాట ఆయన మాదిరే రాసుకుంటి.

మొన్న తొందరపడి
ధరల పట్టికను కూడా లోపలే పెట్టి కట్టినాను.
సావుకారు ఫోను:
"చూపిస్తాది గానీ దిద్దనియ్యదేమ్మా!
నిన్నటి రేటుకు ఈపొద్దు సరుకెవురిస్తారు?"
లోపల మూసినదాన్ని చదవొచ్చు, అంతే.
టేబుళ్లన్నీ బయటికి తీసినా.

ఇంకో తప్పు. నా డి డ్రైవు దారి
యాడో ఒక మూల మిగిలిపోయింది.
అంగడి కంప్యూటర్లో అది
నా గదినే వెతుక్కుంటా నిలబడిపోయింది.

ఇప్పుడన్నీ సరే.
ఫాక్స్‌ప్రో లేని మిషన్లో కూడా
తన కాళ్ల మీద తాను నిలబడతాది.

కంటి ఆపరేషనై ఇంట్లో ఉన్న గాదిలింగప్ప
పొద్దున అడిగినాడు:
"నేను చెప్పిందంతా దాంట్లోకి పోయిందా?"
పోయిందంటి.

పోలేదు.
నక్షత్రమున్న వరుసలు కంపైలరు చదవదు.
తరుగు తీయొద్దన్నది పోతాది,
ఎండబెట్టే తెస్తారన్నది ఈడనే రాలిపోతాది
జిన్నులో గింజల మాదిరి.
రేపెవురో కొత్త యజమాని
ఈ వరుసెందుకు, తీసెయ్యమంటే
నా దగ్గర తప్ప యాడా జవాబుండదు.

నొక్కలేదు.
వెనక్కిపోయి నాలుగొందల పదిహేడో ఖాతా తెరిస్తి.
నక్షత్రం చెరిపి,
ఆ మాటను కొటేషన్ల నడుమ పెడితి.
అట్లా పెడితే కంపైలరు ముట్టదు, మోసుకుపోతాది.
ఒక్కదానికే ఓపికుండె.
తర్వాత నొక్కితి.

మర్నాడు అంగట్లో
కొత్త పిలగాడు అదే ఖాతా తీసినాడు.
తెర మధ్యన చిన్న పెట్టె లేచింది:
"హనుమక్కకు వడ్డీ ఎయ్యొద్దు. బిడ్డ పెండ్లిలో
సావుకారు మాటిచ్చినాడు. నేనుంటి."

చదివినాడో లేదో.
ఓకే నొక్కినాడు.