ముడి

విశాఖ రేవు ఏడో బెర్తులో ఎక్కించిన బియ్యం
నలభై రోజులకి మళ్లీ ఏడో బెర్తుకే వచ్చింది.

నీళ్లలో మందుపాతరలట,
బీమావాళ్లు సంతకం పెట్టలేదట,
ఆపరేషన్ కత్తెరల పెట్టెని ఆయుధమన్నారట -
టాలీ గుమస్తా కొండలరావు చదువుతుంటే
బీడీలు ఆర్పేసి విన్నాం.

హ్యాచ్ తెరవగానే ముక్కిన వాసన.
ఎక్కించిననాడు బెర్తులూడ్చే నూకరత్నం
"మన బియ్యం ఆళ్లకి సయిస్తాదా?" అని నవ్వింది.
ఇప్పుడు పొడుగు చీపురు కర్రకి గడ్డం ఆనించి
పురుగులు పాకడం చూస్తోంది.

టార్పాలిన్ తాడుకి నేనేసిన ముడి
వేసినట్టే ఉంది,
ఉప్పుకి రాయైపోయింది.
అక్కడెవరో చెయ్యి పెట్టాల్సిన చోటది.

డాల్ఫిన్ నోస్ మీద దీపం
వచ్చేవాటికీ పోయేవాటికీ ఒకేలా తిరుగుతోంది.
"కత్తెరలూ వచ్చేశాయిగా, కోసెయ్యెహె" అన్నాడు మేస్త్రీ.

నేనింకా గోళ్లతోనే
చూస్తున్నాను.