ఐసు కరిగే లోపు

ఫోను అడిగింది:
"మార్కెట్ ఇరవై శాతం పడితే మీరేం చేస్తారు?"
నాలుగు గళ్లు. ఒకటి నొక్కాలట.

ఫిషింగ్ హార్బర్‌లో ఐసు మిల్లు గుమాస్తాని.
హుద్‌హుద్ నాడు రేకుల కప్పు ఎగిరిపోతే
తడిసిన ఖాతా పుస్తకం కడుపుకి కట్టుకుని
బల్ల కింద తెల్లవార్లూ కూర్చున్నాను.
ఆ గడి ఇందులో లేదు.

"అదే కొంటాది, అదే సర్దుతాది,
నువ్వు సూడక్కర్లేదు వదినా" అంటాడు ఎల్లాజీ,
"ఏడాదికి వందకి ముప్పావలా, అంతే."

అంతే!
జెట్టీ దాకా తోపుడుబండి మీద
ఐసు దిమ్మ కార్చే చుక్క కూడా అంతే.
తూకం రాసేదాన్ని, నాకు తెలీదా,
దారి ఎంత పొడుగైతే
దిమ్మ అంత చిన్నది.

పోనీ నా చేత్తో నేనే కొందామంటే
మార్చిలో ధర ఎక్కిందని ఆగాను.
ఏప్రిల్లో పడిందని ఆగాను.
మేలో వేట నిషేధం, సగం జీతం,
ఆగడానికి సాకే అక్కర్లేకపోయింది.
రేషన్ కార్డు కవర్లో నోట్లు
మడత మడతగానే ఉన్నాయి.

యంత్రానికి నాకంటే తెలివెక్కువని కాదు,
దానికి గుండెదడ లేదు.
ఆ ముప్పావలా
నా భయానికి నేనిచ్చే కూలి.

నిషేధం ఎత్తేశారు. బోట్లు కదిలాయి.
ఇవాళ జీతం.
తొమ్మిదింపావుకి, ధర కనబడకుండా
ఎడమ బొటనవేలు అడ్డం పెట్టి
నిఫ్టీ ఈటీఎఫ్, పది యూనిట్లు, కొట్టాను.

వేలిముద్ర అడిగింది.
పొద్దుట్నుంచీ ఐసునీళ్లలో నానిన వేలు.
"గుర్తించలేకపోయాం" అంది.

చీర చెంగుకి తుడుచుకుని
మళ్లీ పెట్టాను.