పత్తి కాగితం

"ఇది పత్తితో చేసిందట" అని
హన్మకొండ చౌరస్తాల నర్సింగం
ఒక్కటే షీటు ఇచ్చిండు, ఖాతాల రాసుకొని.

పాత కాగితమైతే
నీళ్లు తాకంగనే అప్పడం లెక్క లేచేది.
ఇది లేవలే.
గుక్క తిప్పకుండ తాగింది,
తొలకరికి నల్లరేగడి తాగినట్టు.

ఎనుమాముల యార్డుల
మిర్చి కుప్ప ముంగట కూసున్న.
ఎరుపు నేను గీసిన కాడ ఆగలే,
మెల్లగ తెల్లారే ఆకాశంలకు పాకింది.
దూదితో అద్దిన. పోలే.
రుద్దిన. నూగు లేచింది.

తాలు ఏరుతున్న కొంరమ్మ
వంగి చూసి
ఒక్క తుమ్ము తుమ్మింది.

"అయ్యో బిడ్డా!" అని కొంగుతో తుడవబోతే
చెయ్యి పట్టుకొని ఆపిన.

తుంపర పడ్డ కాడల్లా
ఎరుపు పక్కకు జరిగి
పత్తికాయలు పగులుతున్నయి.

ఇంకో షీటు అడగాలె.
నర్సింగం ఏమంటడో.