అక్షరానికి పద్దెనిమిది రూపాయలు

వందేళ్ల పండక్కి గుడి ముందు పాలరాయి పెడుతున్నాం.
రాజోలు రోడ్డులో రాళ్లు చెక్కే దుర్గారావు
అక్షరానికి పద్దెనిమిది రూపాయలన్నాడు.
ఒత్తులకి వేరే లెక్క లేదట,
అదొక్కటీ దయ.

సంఘం కార్యదర్శిని కాబట్టి
పేర్ల జాబితా నా నెత్తిన పడింది.
బీరువాలోంచి పాత రిజిస్టరు తీశాను.
చెదలు మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి
పంతొమ్మిది వందల ముప్ఫై దాకా
నాకంటే శ్రద్ధగా చదివేసుకున్నాయి.

మిగిలినదాంట్లో దొరల పేర్లు దొరికాయి.
స్థలం ఇచ్చినాయన, పెంకు తోలించినాయన.
ఉపదేశి గెడ్డం ఏలీయా, జీతం ఆరు రూపాయలు,
పడవ కిరాయి రెండణాలు.
'వరదలో గొడుగు పోయినది. మరియొకటి ఇవ్వలేదు.'
ఆ గొడుగు దగ్గర కాసేపు ఆగిపోయాను.

దాని కిందే ఒక వరస:
బై. ఉ. ఒకటిన్నర రూపాయి, రెండు కుంచాల బియ్యం.
అంతే.
బైబిలు ఉమన్ అన్నమాట.
పదకొండేళ్లు ప్రతి నెలా అదే వరస,
పుచ్చుకున్నవారి సంతకం చోట మాత్రం
ఏలీయా గారి చేవ్రాలు.

రెల్లులంక చివర కాంతిరత్నం పెద్దమ్మ ఉంది,
తొంభై దాటింది,
అడ్డచుట్ట తియ్యకుండానే కీర్తనలు ఒప్పజెప్తుంది.
అడిగాను.
"బుట్టమ్మ కదే!"
"అసలు పేరో?"
"బుట్టమ్మని బుట్టమ్మనే అంటారు."

ఎండుచేపల బుట్ట నెత్తినెట్టుకుని
కాలవ గట్టెంట నడిచేదట.
పెద్ద వీధులొస్తే దారి వదిలి బోదెలోకి దిగి
మోకాలిలోతు నీళ్లలో నడిచేదట.
సావిడాయిల కింద, మెత్తళ్ల కింద
తాటాకు పరిచి, ఆ తాటాకు కింద
మార్కు సువార్త.
కొనేవాళ్లకి చేప, వినేవాళ్లకి వాక్యం,
పొమ్మన్నవాళ్లకి
రేపొస్తానన్న మాట.

పుస్తకం తెరిస్తే ఉప్పు రాలేదట.
"ఇప్పటికీ ఆ తుఫాను నిమ్మళించే చోటు చదివితే
నాకు మెత్తళ్ల వాసనొస్తాదే," అంది పెద్దమ్మ.
కలరా ఏడు పాడె మొయ్యడానికి మనుషుల్లేకపోతే
ముందు ఏలీయా, వెనక బుట్టమ్మ.
ఆడది పాడె మొయ్యడమేంటని
అనడానిక్కూడా ఊళ్లో ఎవరూ మిగల్లేదట.

లంక పిల్లలకి రేవులో ఇసక మీద అక్షరాలు.
సాయంత్రం దిద్దినవి తెల్లారేసరికి పోటొచ్చి తుడిచేసేది.
"పలక్కి డబ్బులెందుకు, గోదారే తుడుస్తాది," అనేదట.
మా మామ్మ అక్కడే 'అ' దిద్దింది.
మామ్మ దిద్దిస్తే అమ్మ, అమ్మ దిద్దిస్తే నేను.
ఆ నేను ఇప్పుడు
అక్షరానికి పద్దెనిమిదేంటి, పదిహేను చేసుకోమని
బేరమాడొచ్చాను.

కమిటీలో ఒకాయన గొంతు సవరించుకున్నాడు.
"బుట్టమ్మ అంటే బాగుంటాదంటారా, పాలరాయి మీద?"
బాగోదు, నిజమే.
బాగుండడానికి ఆవిడెప్పుడు నడిచింది గనక.

ఏలీయా గారి కింద వేయించాను.
ఒత్తులు తీసేస్తే మూడక్షరాలు,
యాభై నాలుగు రూపాయలు.
గొడుగు బొమ్మ కూడా అడిగాను గానీ
బొమ్మలకి వేరే రేటట.
"ఈవిడకి ఇంటిపేరు లేదాండీ?" అన్నాడు దుర్గారావు,
ఉలి మీద పొడి ఊదుకుంటూ.
"ఉండేది. మేమే రాసుకోలేదు."

గుడి ముందు రైలుపట్టా ముక్క ఒకటి వేలాడుతుంటుంది.
మైకు వచ్చాక
చావు కబురుకి తప్ప దాన్నెవరూ కొట్టరు.
రాయి నిలబెట్టిన సాయంత్రం
నట్టు తీసుకుని మూడుసార్లు కొట్టాను.

ఏటి మధ్యలో సూరిబాబు పంటు ఆపేశాడు.
"ఎవరు పోయారండీ?" అని అక్కణ్ణుంచే కేక.
"ఎవరూ పోలేదు!" అన్నాను.
గాలికి వినపడలేదేమో,
తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని
అలాగే నిలబడ్డాడు.