ముక్కుపురుగుల లెక్క

మా ఊళ్ళో గుర్రాల్లేవు.
గుర్రపుడెక్క మాత్రం దిగింది,
రాత్రికి రాత్రి, చప్పుడు లేకుండా.
తెల్లారి ఒగ్వెనో పడవ దగ్గరికొచ్చి
నీళ్ళేవి, అన్నాడు,
నిన్న తనే కట్టేసి వెళ్ళినట్టు
తాడు కొస పట్టుకుని.

లోల్వే అంటాం మేం ఈ సరస్సుని.
అంతు లేనిదని అర్థం.
ఇప్పుడు దాని అంతు
కాలి బొటనవేలికి తగులుతోంది.

పువ్వు బావుంటుంది, ఒప్పుకోవాలి.
లేత ఊదా రేకులు, పై రేకు మీద
పసుపు చుక్క, నెమలీక కన్ను.
చిన్నది అపోండి దాన్ని తల్లో పెట్టుకుని
నీళ్ళకని పంపు దగ్గరికెళ్ళింది.
పంపు గొంతులోనూ అదే.

మొదట యంత్రం వచ్చింది.
తొమ్మిది రోజులు మేసింది.
పదో రోజు డీజిలు లేదన్నారు.
ఇప్పుడు దాని దవడల్లో
గిజిగాళ్ళు గూళ్ళు కట్టుకున్నాయి.
ఆ మేరకు ప్రభుత్వం ఇళ్ళిచ్చినట్టే.

తర్వాత కత్తులు పట్టుకుని మేమే దిగాం,
మొలలోతు.
నరికిన ముక్క నరికినట్టే తేలుతూ పోయి
ఇంకోచోట కాపురం పెట్టింది.
ఒబోన్యోని మడమ మీద పాము కరిచింది.
బతికాడు. ఇప్పుడు ఒడ్డునే కూర్చుని
సలహాలిస్తాడు.

ఇక న్యార్ సక్వా.
సక్వా నుంచి కోడలిగా వచ్చింది గనక ఆ పిలుపు.
అసలు పేరు ఆస్పత్రి చీటీలో ఉంది.
చేపలారేసే పందిళ్ళ వెనక
నీలం డ్రమ్ములు నిలువునా కోయించి
పన్నెండు తొట్లు చేసింది.
ఆఫీసువాళ్ళొక భూతద్దం ఇచ్చారు,
గీతల పుస్తకం ఒకటి,
డబ్బాలో ముక్కుపురుగులు.

నలభయ్యేళ్ళు చేటలో జొన్నలు చెరిగిన చెయ్యి అది.
ముక్కుపురుగు కనబడితే
గోరు దానంతటదే పడేది.
ఇప్పుడదే గోటితో
ఒక్కొక్కదాన్నీ ఎత్తి ఆకు మీద దించుతోంది,
నిద్రపోయే బిడ్డ మీంచి
ఈగని తోలినంత మెల్లగా.
అత్త ఊరంతా చెప్పింది:
చంపాల్సినవాటిని పెంచుతోంది,
పెంచాల్సిన కోళ్ళని అమ్మేసింది.
నిజమే. కోళ్ళు తొట్ల మీదికి వస్తున్నాయి మరి.

మంగళవారం: నూట నలభై.
బుధవారం: నూట ముప్పయ్యెనిమిది.
ఆ రెండూ ఏమయ్యాయోనని
రాత్రంతా పక్కమీద దొర్లింది.

ఎన్నాళ్ళు పడుతుంది, అడిగాడు ఒగ్వెనో.
రెండేళ్ళు. మూడేళ్ళు.
పిండి నాలుగు రోజులకుంది, అన్నాడు.
కోపంగా కాదు, లెక్క చెప్పినట్టు.
అతని ఒమేనా వల అప్పటికే
టమాటా మళ్ళకి కంచె అయింది.

అవి రాత్రిళ్ళు తింటాయి.
లాంతరు దించి చూస్తే ఆకు నిండా
సన్నటి తెల్ల గాట్లు,
సంతకం నేర్చుకుంటున్నవాళ్ళ పలకలా.
పిల్లపురుగులు కాడలో దూరి
లోపల్నించి పని కానిస్తాయి.
నెలకిన్నని సరస్సులో వదిలింది,
పుస్తకంలో రాసి మరీ వదిలింది.
ఏడాదిన్నరకి ఒడ్డు పక్క ఆకులు
కొంచెం గోధుమరంగు తిరిగాయి.
ఆ కొంచెం ఆమెకే కనబడేది.

అంతలో ఆగస్టు గాలి.
ఒక్క పూటలో ఆ పచ్చటి నేలంతా
కదిలి, తిరిగి, అఖాతం దాటిపోయింది.
నీళ్ళు!
పిల్లలు బట్టలతోనే దూకారు.
ఒగ్వెనో కంచె విప్పాడు,
టమాటా తీగలు తెగుతున్నా చూసుకోలేదు.
న్యార్ సక్వా ఒక్కతే
నడుం మీద చెయ్యేసుకుని అటే చూస్తూ
నా పదకొండొందలూ పోయాయి, అంది.
మేం నవ్వాం.

అవతల ఏ రేవులోనో
ఇంకెవరో పొద్దున్నే వచ్చి
నీళ్ళేవి, అంటూ ఉంటారు.
ఆకుల మీది గాట్లు చూసి
ఇదేం తెగులో అనుకుంటారు.

బురదలో విత్తనాలున్నాయి.
ఇరవయ్యేళ్ళు కళ్ళు మూసుకునే ఉండగలవట.
అందుకని ఆమె తొట్లు బోర్లించలేదు.
పన్నెండో దాని అడుగున మిగిలిన
ఒక్క మొక్కని తిరగేసి,
కాడ సందున భూతద్దం పెట్టి చూసి,
పుస్తకం తెరిచింది.

శుక్రవారం: రెండు.