రెండు గంపల లోతు

ఇస్కపల్లి కొఠారులో రాత్రి కాపలా నాది.
అసలైతే మా పెంచలయ్యది.
దగ్గు పట్టుకున్నాక మంచం ఆయనకి, లాంతరు నాకు.

తాటాకు కప్పిన ఉప్పు గుట్టల కాడికి
దొంగలెవురూ రారు.
మాఘమాసం నించి వచ్చేది వాడొక్కడే,
కాలవ అవతల మొగలిపొదల్లోంచి.
ముందు వాసనొచ్చేది, అడుగంటిన అన్నం వాసన.
తర్వాత వాడు.
పాదాలు వెనక్కి.
అబద్ధమెందుకు, మొదటి రాత్రి నాకు నోరు పడిపొయింది.

ఉప్పు తొక్కితే దెయ్యానికి కాలుద్దని
మా అత్త మస్తానమ్మ గడపలో రోజూ గుప్పెడు చల్లేది.
ఇక్కడ గడప నాలుగొందల ఎకరాలు.
అంతా తొక్కుకుంటా వచ్చేవాడు,
పెనం మీద నీళ్ళు పడ్డట్టు
చుయ్ చుయ్ మంటా.

ఆమె పైనించి.
ఎట్ట దిగేదో ఒక్కనాడూ చూడలా.
తలెత్తేసరికి మడి మీద ఉండేది,
నేలకి బెత్తెడు ఎత్తులో.
నీడ లేదు. రెప్పపాటు లేదు.
జడలో ఏందో పూలు, మన సీమలో పుయ్యనివి,
నెలైనా వాడలా.

మీరనుకునేటట్టు ఏం లేదు.
ఆమె వంగి వాడి అరికాళ్ళ మీద ఊదేది.
అంతే.
కోడి కూసేదాకా ఊదేది,
మా పిలకాయ చెయ్యి కాల్చుకుంటే నేను ఊదినట్టు.
వాడు కళ్ళు మూసుకునేవాడు.
ఆమెకి మూసుకునే వీలు లేదు గదా,
చూస్తానే ఉండేది.

పొద్దున్నే మడిలో ఒక్కడి అడుగులే మిగిలేవి.
గుమాస్తా సైకిలు గంట వినపడకముందే
చెక్కపారతో చెరిపేసేదాన్ని.
ఎందుకంటే ఏం చెప్పేది?
పెంచలయ్య కోసం ఒకప్పుడు నేనూ
నడవగూడని వీధిలో నడిచినదాన్నే.
నా అడుగులు ఎవురూ చెరపలా.

చైత్రం ఎండల్లో ఒక రాత్రి
జడలో పువ్వొకటి వడిలింది.
ముగ్గురం చూశాం. ఎవురం మాట్లాడలా.
ఆ తర్వాత ఆమె రెప్ప వేసింది,
ఒక్కసారి, కంట్లో నలకపడ్డట్టు.
చెంప మీదికి జారిన చుక్క
రుచి చూడక్కర్లేదు నాకు,
మా బతుకే అది.

అప్పుడు ఉరిమింది.
కాలంగాని కాలంలో వాన.
తాటాకులు లేచిపొయినాయి, గుట్టలు కరిగినాయి,
నా మూణ్ణెల్ల కూలి
వచ్చిన సముద్రంలోకే మళ్ళీ పొయింది.
మూకుడు నెత్తిన బోర్లించుకొని కూచున్నా.
ఏడిచినానో లేదో వానలో తెలీలా.

వాన వెలిసినాక ఇద్దరొచ్చారు.
ఒకాయన తెల్లబట్టల్లో, చుక్కైనా తడవకుండా.
ఇంకొకడు ఒంటినించి పొగలు చిమ్ముకుంటా.
ఒకరి మొహం ఒకరు చూసుకోరు గానీ
అడిగింది ఒకే మాట:
"ఎటు పొయినారు?"

లాంతరెత్తినా.
గట్టు బురదలో అడుగులు, ఒక్కడివే,
వేళ్ళు సముద్రం దిక్కు.
"అయ్యో, చూసుకోండి, నన్నడిగేదేముంది" అన్నా.
తెల్లబట్టలాయన అటే బయల్దేరాడు.
రెండోవాడు నిలబడ్డాడు.
ఆ అడుగులు చూశాడు. తన పాదాలు చూసుకున్నాడు.
నన్ను చూశాడు.
నా గుండె లాంతరు గాజుకి తగిలినట్టుంది.
ఏమీ అనలా.
ఆయన వెనకాలే సముద్రం దిక్కు నడిచాడు.

వాళ్ళు పొయినాక వంగి చూసుకున్నా.
బరువు మోసే మనిషి కాలు గట్టు మీద ఎంత దిగుద్దో
నాకంటే ఎవురికి తెలుసు?
ఒక గంపకింత, రెండు గంపలకింత.
ఇది రెండు గంపల లోతు.
నిన్నటిదాకా పొగకన్నా తేలిక,
ఆమెకి బరువొచ్చింది.
మడమలు పడమర, అల్లూరు రోడ్డు దిక్కు.
ఆ గుంటల్లో అప్పుడే ఉప్పునీళ్ళు ఊరతా ఉన్నాయి.
ఈసారి పార ముట్టుకోలా.

ఇంటికి పొయి, తడి కోకతోనే,
పెంచలయ్య అరికాళ్ళు ఒళ్ళోకి తీసుకున్నా.
ముప్పై ఏళ్ళ ఉప్పు పగుళ్ళు.
ఊదినా.
"ఏందే, పిచ్చిగానీ పట్టిందా?" అన్నాడు
దగ్గుకుంటా,
కాళ్ళు మాత్రం వెనక్కి తీసుకోలా.